నాలుగో టేబుల్ మీద చీలిన నరం

నాలుగో టేబుల్ మీద శవం బోర్లా ఉంది. ఎడమ పిరుదు ఆమె వంతు, కుడి పిరుదు అతని వంతు. మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాల్లో ఏర్పాటు అది: ఒక శరీరం, ఇద్దరు విద్యార్థులు, చెరో పక్క.

ఆమెను క్లాసంతా హడావుడి అంటారు, అతన్ని నత్త అంటారు. పైనున్న పెద్ద కండరం గ్లూటియస్ మాక్సిమస్‌ని ఆమె గంటలో కోసి పక్కకు తిప్పేసింది. అతను మూడు రోజులు తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా కొవ్వును ఫోర్సెప్స్‌తో కొంచెం కొంచెంగా ఏరుతున్నాడు.

"బియ్యంలో రాళ్లు ఏరుతున్నావా?" అంది.

"రాళ్లయితే పారేయొచ్చు. ఇందులో రక్తనాళం ఉంటే?"

"ఉంటే కనిపిస్తుంది."

"నీకు కనిపించిందా?"

ఆమె పక్క ధమని మొన్ననే తెగింది. తెగడం అతను చూశాడు.

మూడు వారాలుగా ఆమె హాలుకి పది నిమిషాలు ముందు వస్తోంది. అతను ఇరవై నిమిషాలు ముందు వస్తాడు కాబట్టి.

గురువారం అతని పక్క నరం బయటపడింది. ఆమె వైపు, కాల్లోకి వెళ్లే సయాటిక్ నరం పిరిఫార్మిస్ అనే చిన్న కండరం కింద నుంచి బొటనవేలంత లావున ఒక్కటిగా దిగింది. అతని వైపు రెండు పాయలుగా ఉంది.

"చీల్చేశావు," అంది.

"నేనా?"

"మరి నేనా? కత్తి నీ చేతిలో ఉంది."

వెనక అనాటమీ మేడమ్ నిలబడి ఉన్నారు. "ఏమైంది?"

"నరాన్ని నిలువునా చీల్చేశాడు మేడమ్." మాట నోరు దాటాక ఆమెకు తెలిసింది, తను ఏమందో.

"నువ్వేమంటావు?" అని మేడమ్ అతన్ని అడిగారు.

అతను చాలాసేపు ఆలోచించాడు. "చీల్చి ఉంటానేమో మేడమ్."

ఒప్పుకున్నాడు కాబట్టి మేడమ్ వంగి చూడలేదు. నరాన్ని గాని ధమనిని గాని పాడుచేసినవాళ్లు టేబుల్ మారి ఆ భాగం మళ్లీ మొదలుపెట్టాలన్నది అక్కడి నియమం. "సోమవారం నుంచి తొమ్మిదో టేబుల్," అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క ఆమె కంచం వైపు చూసింది. అక్క ఫిజియోథెరపిస్టు.

"ముద్ద దిగట్లేదేం? ఎవడు?"

"ఎవడూ లేడు."

"లేనివాడి కోసం ఇంత మొహం మాడ్చుకోరు. చెప్పు."

చెప్పింది. ధమని సంగతి కూడా. అక్క తినడం ఆపింది.

"రెండో పాయ ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"చూడలేదు."

"చూడకుండానే చాడీ చెప్పావా? కొందరికి పుట్టుకతోనే ఆ నరం రెండుగా ఉంటుందే. ఒకటి కండరం కింద నుంచి, ఒకటి కండరంలోంచి వస్తుంది."

"అలాగే ఉంటే?"

"అతను తప్పు చేయనట్టు. నీ ధమని తెగినప్పుడు అతను మేడమ్‌కి చెప్పాడా?"

ఆమె కంచం తీసుకుని లేచింది.

శనివారం మధ్యాహ్నం హాల్లో అతనొక్కడే ఉన్నాడు. తన పక్క తడిగుడ్డ కప్పి, పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు. ఆమె గుడ్డ తీసింది. ఫోర్సెప్స్‌తో పిరిఫార్మిస్ అంచు పైకెత్తింది. పై పాయ ఆ కండరం మధ్యలోంచి వస్తోంది. దాని పొర ఎక్కడా చెదరలేదు.

"ఇటు రా."

"నాది తొమ్మిదో టేబుల్ కదా."

"రా అన్నాను."

అతను వంగి చూశాడు. "కండరంలోంచి వస్తోంది."

"పుట్టుకతోనే. కత్తితో చీలిస్తే కండరంలోకి ఎలా వెళ్తుంది? అసలు నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు అంత గట్టిగా అంటే నిజమేమో అనుకున్నాను. నీ మాట నమ్మడం అలవాటైపోయింది."

ఆమె వెళ్లి మేడమ్‌ని పిలుచుకొచ్చింది. మేడమ్ ఈసారి వంగి చూశారు, చాలాసేపు.

"ఇలాంటిది అందరిలోనూ దొరకదు. దొరికినా పిల్లలు తెంపేస్తారు. దీన్ని చెక్కుచెదరకుండా తీసింది ఎవరు?"

"అతనే మేడమ్. పొరపాటు నాది. ఇంకో సంగతి." ఆమె ఊపిరి పీల్చుకుంది. "నా పక్క ధమని తెంపాను. మీకు చెప్పలేదు."

మేడమ్ ఎడమ పక్క కూడా చూశారు. "అతను ఇక్కడే ఉంటాడు. తొమ్మిదో టేబుల్‌కి నువ్వు వెళ్లు."

మేడమ్ వెళ్లిపోయాక ఇద్దరూ చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చారు. వాన పడుతోంది. గొడుగు ఇద్దరి దగ్గరా లేదు.

"ధమని సంగతి చెప్పకపోతే ఇక్కడే ఉండేదానివి," అన్నాడు.

"నీ మీద చాడీ చెప్పి, నాది దాచుకుని, నీ ఎదురుగా ఎలా నిలబడను?" ఆమె వాన వైపు తిరిగింది. "నాకు నువ్వంటే ఇష్టం. ఇది తొందరపడి అనడం లేదు. మూడు వారాలు ఆలోచించాను."

చూరు నుంచి నీళ్లు ధార కట్టాయి. ఆమె పది దాకా లెక్కపెట్టింది. ఇరవై దాకా లెక్కపెట్టింది.

"ఏదో ఒకటి చెప్పు. ఇష్టపడటానికి కూడా నీకు ఇంతసేపా?"

"చెప్పడానికే ఇంతసేపు," అన్నాడు. "ఇష్టపడటం మొదటి రోజే అయిపోయింది."