దిన్షా తాత కుక్క

అమ్ములు విసిరిన రాయి కుక్క వెనక కాలికి తగిలింది. అది కుయ్యోమంటూ ఏటిగట్టు వైపు పరుగెత్తింది.

"మళ్ళీ రా, సెప్తాను నీ పని!" అని అరిచింది అమ్ములు.

వాకిట్లో ఆరబెట్టిన చేపల్లో ఒకదాన్ని కుక్క నోట కరుచుకుపోయింది. కాపలా ఉండమని చెప్పి వెళ్ళిన అమ్మ వస్తే ఏమంటుందో!

అది వీధి కుక్కే. దాని కళ్ళ పైన రెండు గోధుమరంగు మచ్చలు. అందుకే పక్కింటి దిన్షా తాత దాన్ని "నాలుగు కళ్ళోడా" అని పిలిచేవాడు. తాత, ఆయన భార్య పెరిన్ మామ్మ పార్సీలు. తాత ఇక్కడి ఫ్యాక్టరీలో రిటైరయ్యాక కూడా ఇద్దరూ ఒడిశాలోని ఈ గంజాంలోనే ఉండిపోయారు. తాత రోజూ అన్నం ముందు కూర్చోగానే మొదటి ముద్ద ఆ కుక్కకే పెట్టేవాడు.

కాసేపటికి పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది. తాత కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మధ్యాహ్నానికి వ్యాన్ వచ్చింది. తాతను కలకత్తా తీసుకెళ్ళి పార్సీల పద్ధతిలో సాగనంపాలి. ఆయనకు తెల్లబట్టలు వేశారు. తలదగ్గర దీపం వెలిగించారు. మామ్మ గడప దగ్గరికి వచ్చింది.

"అమ్ములూ, నాలుగు కళ్ళోడేడమ్మా? బేగి తీసుకురా."

"ఇప్పుడు కుక్కెందుకు మామ్మా?"

"మాలో మనిషి పోతే కుక్కకి సూపిస్తాం. అది సూస్తే సెడు దగ్గరికి రాదంటారు. పోయినోళ్ళకి అవతల దారిలో కుక్కే తోడంట."

అమ్ములు ఏటిగట్టుకి పరుగెత్తింది. కుక్క బోర్లించిన పడవ నీడలో కాలు నాక్కుంటోంది.

"రారా... తాత ఎల్లిపోతన్నాడురా," అంటూ చెయ్యి చాపింది.

ఆ చెయ్యి చూడగానే కుక్క కుంటుకుంటూ పారిపోయింది. ఎంత పిలిచినా వెనక్కి చూడలేదు.

అమ్ములు ఏడుస్తూ తిరిగొచ్చింది. అప్పటికే అమ్మ సత్యవతి బిస్కెట్లు పట్టుకుని వేరే కుక్కల్ని పిలుస్తోంది. జనాన్ని చూసి ఏదీ లోపలికి రాలేదు. డ్రైవర్ తొందరపెడుతున్నాడు.

"మామ్మా... అది రాదు. పొద్దుట నానే దాన్ని రాయితో కొట్టినాను."

మామ్మ ఆమె వైపు చూసింది. వెళ్ళి తాత పక్కన వ్యాన్‌లో కూర్చుంది.

ఆ సాయంత్రం అమ్ములు కంచంలోంచి ఒక ముద్ద తీసి బయటికి తెచ్చింది. కుక్క తాళం వేసిన తాత ఇంటి తలుపు ముందు పడుకుని ఉంది. అమ్ములును చూసి లేచి దూరంగా పోయింది. ముద్దను కాకులు తినేశాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

మామ్మ కలకత్తా నుంచి వచ్చి ఆటో దిగేసరికి అమ్ములు మెట్టు మీద కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద అన్నం ముద్ద. వీధి మలుపులో కుక్క.

"రోజూ పెడతన్నాను మామ్మా. నన్ను సూస్తే రాదు."

మామ్మ బ్యాగు పక్కన పెట్టి మెల్లగా ఆమె పక్కన కూర్చుంది.

"దానికి బయ్యం పోవాల కదమ్మా. కూకుందాం."

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. కుక్క కుంటుతూ కొంచెం ముందుకొచ్చి ఆగింది. అమ్ములు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, అది చివరి మెతుకు తినేదాకా అలాగే ఉంది.