వేడినీళ్ల వ్యాన్

శవాన్ని మొదట చూసింది వాచ్‌మన్. అప్పటికి ఉదయం ఏడు దాటింది.

నాలుగంతస్తుల ఆఫీసు భవనం. వెనకవైపు రాతి మెట్లు. ఆ మెట్ల పక్కన, అద్దాలు కడిగే మేస్త్రి వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద రక్తం గడ్డకట్టింది. ఆ కొండ ఊరి చలికి ఒంటి చుట్టూ నీళ్లూ గడ్డకట్టాయి.

ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. కోటు జేబుల్లోంచి చేతులు తీయకుండానే చుట్టూ చూసింది.

పక్కన ఒరిగిన నిచ్చెన. పొడవాటి కర్ర, దాని చివర బ్రష్. బ్రష్ నుంచి రబ్బరు పైపు గోడ మూల దాకా వెళ్లి, అక్కడ ఆగి ఉన్న వ్యాన్‌లో దూరింది. ఆమె పైపును బూటుతో తొక్కింది. కట్టెలా బిగుసుకుపోయి ఉంది. లోపల నీళ్లు గడ్డకట్టాయి.

రెండో అంతస్తు కిటికీల్లో మూడు తళతళలాడుతున్నాయి. నాలుగోదానికి పై సగమే శుభ్రంగా ఉంది.

"పని మధ్యలో జారాడు మేడమ్," అన్నాడు ఎస్.ఐ. "కింద ఐసు. నిచ్చెన తప్పింది. తల మెట్టుకు కొట్టుకుంది. పంచనామా రాసేస్తే..."

"ఎందుకంత తొందర? ఆయనకేమీ తొందర లేదుగా."



వ్యాన్‌లో ఒక ట్యాంకు, దాని పక్కన డీజిల్ బాయిలర్. ట్యాంకు ఖాళీ. స్విచ్ ఆన్‌లోనే ఉంది. నీళ్లు అయిపోతే మంట తనంతట తానే ఆరిపోయే రకం.

ఇన్‌స్పెక్టర్ వంగి వ్యాన్ అడుగున చూసింది. బోర్లించిన గిన్నెలా ఒక ఐసు గడ్డ.

"ఇదేంటి?"

"ఎక్కడో లీకు మేడమ్. పాత బండి."

"ఫోటో తీయించు. బండిని స్టేషన్‌కు తీసుకెళ్లి సీల్ వేయించు. లోపల దేన్నీ ఎవరూ ముట్టుకోకూడదు."

అప్పుడే మేస్త్రి బావమరిది పరుగెత్తుకొచ్చాడు. శాలువా కప్పుకుని ఉన్నాడు. శవాన్ని చూసి పక్కనే కూర్చుండిపోయాడు.

"రోజూ ఇద్దరూ కలిసే వస్తారా?"

"అవును మేడమ్. ఈ రోజే రాలేదు. ఒళ్లు కాలిపోతోంది. బావే పడుకోమన్నాడు."

"ఆయనకు శత్రువులెవరైనా?"

అతను తలెత్తి వాచ్‌మన్ వైపు చూశాడు. ఆ చూపుతోనే ఎస్.ఐ. పని సగం అయిపోయింది.

వాచ్‌మన్‌కూ మేస్త్రికీ మొన్ననే గొడవైంది. కడిగిన నీళ్లు మెట్ల మీద గడ్డకడుతున్నాయని వాచ్‌మన్ అరిచాడట. "ఎవడైనా పడి చస్తే నీదే పాపం" అన్నాడట. సాయంత్రానికల్లా ఎస్.ఐ. అతన్ని తెచ్చి లాకప్‌లో కూర్చోబెట్టాడు.

"తెల్లవారుజామున ఎక్కడున్నావు?"

"గేటు గదిలో."

"ఏం చేస్తూ?"

"వాచ్‌మన్లు ఏం చేస్తారు సార్? నిద్రపోతున్నా. ఉద్యోగం పోతే పోనీ. నిద్రపోయినందుకు ఉరి వెయ్యరుగా?"

*

మర్నాడు డాక్టర్ ఫోన్ చేశాడు.

"తల దెబ్బ చిన్నది కాదు. కానీ చంపేంతదీ కాదు. మనిషిని చంపింది చలి. బట్టలు తడిసి ఉన్నాయి. గంటసేపైనా ప్రాణంతో ఉన్నాడు."

"ఎవరైనా చూసి ఉంటే?"

"బతికేవాడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది. తర్వాత మేస్త్రి ఇంటికి బయల్దేరింది.

రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్కన మేస్త్రి పాత రబ్బరు బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి. భార్య నేల మీద కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం.

"నిచ్చెన ఎందుకెక్కారో నాకు అర్థం కావట్లేదమ్మా," అందామె. "నేల మీద నిలబడి కడగడానికే కదా ఆ కర్ర కొన్నది! మోకాళ్లు అరిగిపోయాయి. ఈ గుమ్మం ఎక్కాలన్నా గోడ పట్టుకునేవారు."

"ఇంత చలిలో పనికెందుకు వెళ్లారు?"

"చలికాలం అందరి చేతులూ ముడుచుకుంటాయి. మాకే పని. వేడినీళ్లకు జిడ్డు, పక్షుల రెట్టలు ఒక్క తోపుకు ఊడొస్తాయి. అందుకే ఊరంతా ఆవిరి మేస్త్రి అనేవాళ్లు. ఆ బాయిలర్ మాత్రం మా తమ్ముడు చేసింది. రెండు చలికాలాలు కూర్చుని సొంత చేతులతో అతికాడు. పని నీది, పేరు మీ బావది అని వాణ్ని నేనే ఏడిపించేదాన్ని."

"మీ తమ్ముడు ఏమనేవాడు?"

"నవ్వేవాడు." ఆమె ఆగింది. "మొన్న మాత్రం నవ్వలేదు. ఈయన వ్యాన్‌ను పెద్ద కంపెనీకి ఇచ్చేస్తానన్నారు. ఇద్దరం వాళ్ల దగ్గరే పనిచేద్దాం రా అన్నారు. కంపెనీ వాళ్లు ఆ బాయిలర్ పీకేసి కొత్తది పెట్టుకుంటారట. తమ్ముడు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు."

"ఆ బాయిలర్ మీద అంత మమకారమా?"

"ఎంత అలసిపోయినా ఇంటికి రాగానే ఇద్దరూ ముందు పైపులో నీళ్లు ఊదేసేవాళ్లు. ఆ తర్వాత బాయిలర్ అడుగు ట్యాప్ తీసేవాళ్లు. ఆ తర్వాతే కాళ్లు కడుక్కోవడం. లోపల నీళ్లు గడ్డకడితే నీళ్లు కాగే గొట్టం, ఆ కాయిల్, పగిలిపోతుందట. పసిపిల్లకు గుడ్డలు మార్చినట్టు చూసుకునేవాళ్లు."

ఇన్‌స్పెక్టర్ లేచింది. గుమ్మం దగ్గర మేస్త్రి భార్య ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాట చెప్పమ్మా. ఆయన వెంటనే పోయారా? బాధపడ్డారా?"

"ఒకటి రెండు రోజులు ఆగండి. నేనే వచ్చి చెబుతాను," అంది ఇన్‌స్పెక్టర్.

*

మూడో రోజు ఉదయం వ్యాన్‌ను ఆ ఇంటి ముందుకే తెప్పించింది. సీల్ అందరి ఎదుటా విప్పించింది. మేస్త్రి భార్య, బావమరిది, ఎస్.ఐ. ఉన్నారు. వాచ్‌మన్‌నూ తీసుకొచ్చారు.

"నన్నెందుకు తెచ్చారు? అద్దాలు తుడిపిస్తారా?" అన్నాడు వాచ్‌మన్.

ట్యాంకు నింపించి, ఇన్‌స్పెక్టర్ బావమరిది వైపు తిరిగింది. "ఇది ఎలా పనిచేస్తుందో చూడాలి. ఒకసారి నడిపించు."

అతని మొహంలో మూడు రోజుల్లో మొదటిసారి కాస్త కళ వచ్చింది. వ్యాన్ ఎక్కాడు. వంగకుండా, చూడకుండా, బాయిలర్ అడుక్కి చెయ్యి పెట్టి ఒక ట్యాప్ తిప్పి బిగించాడు. తర్వాత స్విచ్ వేశాడు. మంట గుప్పుమంది. పైపు చివర నుంచి వేడినీళ్లు నేల మీద పడి ఆవిరి లేచింది.

"ముందు తిప్పిందేంటి?"

"డ్రెయిన్ ట్యాప్ మేడమ్. మూయకుండా స్విచ్ వేస్తే నీళ్లన్నీ కింద పోతాయి."

"అది తెరిచి ఉందని నీకెలా తెలుసు?"

"పని అయ్యాక తెరిచే ఉంచుతాం. చలికి కాయిల్ పగులుతుంది కదా."

"పని అయ్యాక. కానీ ఆ రోజు పని కాలేదు. కిటికీ సగంలో ఉంది. మీ బావ జారి పడ్డాడు. పడిపోయిన మనిషి ట్యాప్ ఎలా తెరిచాడు?"

అతను బాయిలర్ వైపు చూశాడు.

"వ్యాన్ కింద ఐసు గడ్డ ఉంది. లీకు అనుకున్నాం. అది బాయిలర్‌లోంచి వదిలిన నీళ్లు."

"బావే... పడకముందు తీసుంటాడు."

"ముందు పైపు, తర్వాత బాయిలర్. అదే కదా మీ ఇద్దరి పద్ధతి? పైపు నిండా నీళ్లున్నాయి. పని మధ్యలో పడ్డట్టు కనిపించాలి కాబట్టి పైపు అలాగే వదిలావు. నిచ్చెన తెచ్చి పడేశావు. ఒక్క బాయిలర్‌ను మాత్రం వదల్లేకపోయావు." ఆమె గొంతు పెంచలేదు. "వాచ్‌మన్‌కు ఆ ట్యాప్ సంగతే తెలీదు. దాని మీద ప్రేమ అంతకన్నా లేదు."

వాచ్‌మన్ నెమ్మదిగా తల దించుకున్నాడు.

"చంపాలని కాదు," అన్నాడు బావమరిది. "కంపెనీ సంగతి మళ్లీ ఎత్తాడు. పాత డబ్బా కోసం ఎందుకురా ఏడుపు అన్నాడు. తోశాను. పడ్డాడు. బ్రష్ నీళ్లు బావ మీదే పోతున్నాయి. ట్యాంకు అయ్యేదాకా ఆపలేదు."

అక్క లేచి వ్యాన్ దగ్గరకొచ్చింది.

"మీ బావ మాట్లాడారా?"

అతను నేల చూశాడు.

"తమ్ముడూ, అడుగుతున్నది నేను. మాట్లాడారా?"

"చలేస్తోందిరా అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూసింది. "వెంటనే పోలేదమ్మా. గంటసేపు ఉన్నారు."

ఆమె తల ఊపింది. ఏడవలేదు.

ఎస్.ఐ. అతన్ని జీపు ఎక్కించాడు. జీపు కదలబోతుంటే అతను బయటికి వంగాడు. నేల మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.

"అక్కా! ట్యాప్ తెరవడం మరిచిపోకు. రాత్రికి గడ్డకడుతుంది."

జీపు వెళ్లిపోయింది. ఆమె వ్యాన్ ఎక్కి స్విచ్ ఆపింది. మంట ఆరింది. ట్యాప్ మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగా ఉంది. కాసేపు అలాగే ఉంచింది.

తర్వాత చెయ్యి తీసేసి, దాన్ని తిప్పకుండానే దిగి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.