మాసీ నేర్పిన గొంతు

రెండువేల ఒకటి, దసరా రోజులు. ఉక్కునగరం క్వార్టర్లలో టిఫిన్లవుతున్న వేళ వీధిలోకి మైకు ఆటో వచ్చింది. యూనియన్ ఎన్నికలు ఇంక వారమే. ఇడ్లీ తుంచబోతున్న రోజారమణి చెయ్యి ఆగిపోయింది. మైకులో ఉన్నది తన గొంతే!

"కార్మికుల కూడు తిన్న... దొంగనక్క బిమల్ సేన్!"

ఆమె తండ్రి, యూనియన్ నాయకుడు జగ్గారావు టీ గ్లాసు కింద పెట్టేశాడు. బిమల్ సేన్ ఎదుటి యూనియన్ నాయకుడే, కాదనం. కానీ పదేళ్ళుగా ఇద్దరూ పొద్దున్న ప్లాంటు గేటు దగ్గర "గారు" అంటూనే ఒకరి మాట ఒకరు ఖండించుకుని, సాయంత్రం బిమల్ ఇంట్లో బెంగాలీ కవితలు వింటూ టీ తాగినవాళ్ళు. ఆయన భార్య సునంద వీధి పిల్లలకు కవిత పైకి చదవడం నేర్పేది. రోజారమణికి ఆవిడ మాసీ, అంటే బెంగాలీలో పిన్ని. ఎక్కడ ఆగాలో, ఏ మాట మెల్లగా వదలాలో, అంతా ఆవిడ పెట్టిన భిక్షే. ఆ సాయంత్రం బెంగాలీల దుర్గాపూజ పందిట్లో ఆవిడ పక్కనే నిలబడి కవిత చదవాలి కూడా. ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

"ఏటమ్మా ఇది?" అన్నాడు జగ్గారావు.

"మన కుర్రాళ్ళు రాసింది చదివేను నాన్నా. ఇప్పుడందరూ ఇలాగే మాటాడతన్నారు. నిన్ను వాళ్ళు దొంగ అనట్లేదా?"

"బిమల్ గారు అన్లేదు కదా."

"ఆ కాయితం తెచ్చిచ్చింది నువ్వే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. డ్యూటీ హడావుడిలో మడత విప్పకుండానే కూతురి చేతిలో పెట్టాడు మహానుభావుడు.

"సదవకుండా ఇచ్చీసేను. తప్పు నాది," అని లేచాడు. వీధిలోకెళ్ళి ఆటో ఆపించి, కేసెట్ లాగేసుకున్నాడు. కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా బిమల్ ఇంటికి నడిచాడు.

బిమల్ పేపర్లోంచి తలెత్తలేదు. సునంద మాత్రం గుమ్మంలోకి వచ్చింది. 

"రెండుసార్లు విన్నాను," అంది సునంద. "ఆ తిట్టు ముందు ఊపిరి పీల్చావు. అక్కడ ఆగమని నేను నేర్పలేదే."

రోజారమణి తల వంచుకుంది.

"అప్పుడే తెలిసింది, నా పిల్లకి ఆ మాట అనడానికి నోరు రాలేదని."

రోజారమణి ఆవిడ కాళ్ళ మీద పడి భోరుమంది. జగ్గారావు చేతిలోని కేసెట్ బల్ల మీద పెట్టి, క్షమించమని రెండు చేతులూ జోడించాడు. బిమల్ పేపరు మడిచి కుర్చీ చూపించాడు. "మీ వాదం తప్పని రేపు గేటు దగ్గర చెప్తాను జగ్గారావు గారూ. ఇప్పుడు టీ తాగండి."

సునంద పైటకొంగుతో రోజారమణి కళ్ళు తుడిచింది.

"ఏడిస్తే గొంతు పోతుంది. సాయంత్రం చదవాలి కదా."