పైపుకో చిల్లు

పైపుకి పడ్డ చిల్లు పూడ్చమని అడిగేవాళ్ళని పైడిరాజు రోజుకి పదిమందిని చూస్తాడు. పనిగట్టుకుని చిల్లు పెట్టమని అడిగిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాడు.

"ఏటండీ మీరనేది? కొత్త పైపుకి నా సేత్తో నేనే సిల్లెట్టాలా?"

"అవునండీ. చీపురుపుల్లంత లావుదైతే చాలు," అంది మణి, డ్రిల్లు మిషను అతని చేతిలో పెడుతూ.

అనకాపల్లి మెయిన్ రోడ్డులో సూర్యనారాయణ గారి రంగుచేపల షాపు అది. మణి ఆయన కూతురు. జువాలజీతో డిగ్రీ పూర్తిచేసిన ఈ పిల్లకి ఊళ్ళో ఎవరికీ లేని పిచ్చి ఒకటి పట్టుకుంది. ఉప్పునీటి ఎక్వేరియం! పూడిమడక నుంచి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెప్పించి, రెండు నారింజరంగు చేపల్ని ఏడాదిగా బతికిస్తోంది. 2006 వేసవి వచ్చేసరికి పక్కనే పగడాలకి ఇంకో తొట్టె పెట్టింది. నీళ్ళు వడకట్టే తొట్టె రెండిటికీ కింద ఒక్కటే, పైకి తోడే మోటారూ ఒక్కటే. కొత్తదాన్ని పాతదానికి కలిపే పైపుల పనికి వచ్చాడు పైడిరాజు.

"పగడాలంటే ఉంగరంలో ఎట్టుకునేవి కదండీ?"

"ఇవి బతికున్నవండీ. మెడ్రాసు నుంచి రైల్లో వచ్చేయి. మీరు కాస్త మెల్లిగా మాట్లాడండి."

"పగడాలకి సెవులుంటాయేటండీ?"

"వాటికి లేవు. నాకున్నాయి."

పైడిరాజు పానా ఎక్కడ పెట్టాడో మర్చిపోయి నాలుగుపక్కలా వెతికాడు. అది చేతిలోనే ఉంది.

మొత్తానికి చిల్లు పెట్టాడు. తొట్టె సగం నిండకుండానే మోటారు వేస్తే, ఆ చిల్లులోంచి నీళ్ళు చిమ్మి అతని చొక్కా మీదే పడ్డాయి. షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. "తొట్టె నిండితే అది నీళ్ళలో మునిగిపోతుందండీ, కరెంటు పోయినప్పుడే దాంతో పని" అని మణి చెబుతూనే ఉంది. వింటే కదా! తను బిగించిన పైపు చుక్క కారదని కోటవురట్ల దాకా పేరున్నవాడు. మణి లోపలికెళ్ళిన రెండు నిమిషాల్లో ఎంసీల్ ముద్ద పిసికి చిల్లు పూడ్చేశాడు. పాపం, చదువుకున్న పిల్లకి పైపుల సంగతేం తెలుస్తుందిలే అనుకున్నాడు. అనుకుని, ఆమె తెచ్చిచ్చిన పెసరట్టు శుభ్రంగా తిన్నాడు.

తర్వాత వారంలో మూడుసార్లు వచ్చాడు. వాల్వు చూడాలని ఒకసారి, వాషరు చూడాలని ఒకసారి. మూడోసారి సాకు దొరకలేదు.

"పగడాలు ఎలాగున్నాయో సూద్దారని..."

"పగడాలు అటున్నాయండీ. మీరు ఇటు చూత్తన్నారు."

పదో తరగతి పరీక్షలని ఆ వారమంతా కరెంటు తియ్యలేదు. పరీక్షలయిపోయిన మర్నాడు మధ్యాహ్నం, సరిగ్గా రెండింటికి తీసేశారు.

మోటారు ఆగగానే, పైకెక్కిన నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి దిగడం మొదలెట్టాయి. గాలి దూరి వాటిని ఆపాల్సిన చిల్లు మూసుంది. కింది తొట్టె పొంగిపోయింది. వాషరు ఇంకోసారి చూసే నెపంతో వచ్చిన పైడిరాజు గుమ్మంలోనే కాలు జారబోయాడు. గచ్చంతా ఉప్పునీళ్ళు. పరుగెత్తి వాల్వు కట్టేశాడు గానీ, పై రాళ్ళ మీది పగడాలు అప్పటికే గాలికి బయటపడి ముడుచుకుపోయాయి.

"చాలమ్మా," అన్నారు సూర్యనారాయణ గారు తడిసిన మేత డబ్బాలు ఏరుకుంటూ. "మంచినీళ్ళ చేపలు అమ్ముకుందాం. రేపే ఈ తొట్టె తీయించేత్తాను."

"నాదే తప్పు నాన్నా. ఆ చిల్లు ఎంతెత్తులో ఉండాలో లెక్క తప్పేను." మణి ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

పైడిరాజుకి తను పూడ్చిన చిల్లు గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, కానీ తొట్టె పోతుంది, దాంతోపాటు ఆ పిల్ల ఆశా పోతుంది. నోరు తెరిస్తే ఇక ఈ గుమ్మం తొక్కలేడు. తొక్కకుండా ఉండటం తన వల్ల కాదని అప్పుడే తెలిసింది అతనికి. అయినా తెరిచాడు.

"ఆవిడ లెక్క తప్పలేదు బాబుగారూ. ఆ సిల్లు నేనే మూసేసేను."

"ఎప్పుడు?" అంది మణి.

"మీరు పెసరట్టు తేడానికెళ్ళినప్పుడండి."

మణి అతని సంచీ తీసి చేతిలో పెట్టింది. "వెళ్ళండి," అంది.

వెళ్ళాడు. తెల్లారేసరికి ఆటో వేసుకుని పూడిమడక వెళ్ళి, ఎనిమిది క్యాన్ల సముద్రపు నీళ్ళతో తిరిగొచ్చాడు. "ఈ ఒక్కసారికి సూడండి బాబుగారూ. నా పొగరుకి ఆవిడ తొట్టె తీసెయ్యకండి" అని బతిమాలాడు. ఆయన మెత్తబడ్డారు. పాత పైపు తీసేసి, కొత్తది వేసి, మణి మొదట చెప్పిన చోటే చెప్పినంత చిల్లు పెట్టాడు. మణి నాలుగు రోజులు పగడాల తొట్టెని విడిగా ఉంచి, రెండు తొట్టెల్లో ఉప్పు సమానం చేసుకున్నాక ఐదో రోజు వాల్వు తిప్పింది. పానా అందిస్తే అందుకుంది, అంతే.

ఊరంతా కరెంటు పోకూడదని మొక్కుకుంటుంటే, ఆ షాపులో ఇద్దరు ఎప్పుడు పోతుందా అని గడియారం చూస్తూ కూర్చున్నారు.

రెండయింది. ఫ్యాను ఆగింది, మోటారు ఆగింది. పగడాల తొట్టెలో నీళ్ళు ఒక అంగుళం దిగాయి. చిల్లు బయటపడింది, గుడగుడమని గాలి లాక్కుంది. నీళ్ళు ఆగిపోయాయి. కింది తొట్టెలో ఇంకా నాలుగు వేళ్ళ జాగా ఉంది.

"ఆగింది!" అంది మణి. ఐదు రోజుల్లో అదే మొదటి మాట. "చూసేరా, ఎలా ఊపిరి పీల్చుకుందో!"

"నేనూ ఇప్పుడే పీల్చుకున్నానండి." పైడిరాజు లేచి సంచీ సర్దబోయి, సర్దలేక ఆగాడు. "వాల్వు బాగుంది, వాషరు బాగుంది. రేపట్నుంచి ఏ సాకు సెప్పి రావాలో తెల్డంలేదు మణిగారూ. మిమ్మల్ని సూడకుండా ఉండలేనండి. అదీ సంగతి."

మణి తువ్వాలుతో అద్దం తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

"రోజూ రెండింటికి కరెంటు పోతాది కదండీ. దగ్గరుండి చూసుకోవద్దా?" అంది.

"రోజూనా?"

"రోజూ ఎందుకమ్మా," మసకచీకట్లో కౌంటరు వెనకనుంచి సూర్యనారాయణ గారి గొంతు. "ఆదివారం వాళ్ళ అమ్మానాన్నల్ని తీసుకుని ఒక్కసారి రమ్మను. కరెంటున్నప్పుడు రమ్మను, మొహాలు కనబడాల."

మణి సిగ్గుతో తొట్టె వైపు తిరిగి, అలాగే నిలబడిపోయింది. పై రాయి మీద ఒక పగడం మెల్లగా విచ్చుకుంటోంది.

"చూడండి! చూడండి!" అని వెనక్కి తిరిగింది. పైడిరాజు చూస్తూనే ఉన్నాడు.

"పగడాలు అటున్నాయండీ."

"తెలుసండి," అన్నాడు పైడిరాజు.