ఎడమ పక్క బల్ల

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టాక. ఎక్కడైనా ఒత్తు జారిపోయినా, దీర్ఘం పొట్టిదైపోయినా మీరే సర్దుకుని చదవండి. నా చెయ్యి నిదానం. ఈ కాస్త కథ రాయడానికే ఒక వానాకాలం పట్టింది. అక్షరాలు కూడా సన్నగా రావు, బొద్దుగా వస్తాయి. అదెందుకో చివర్లో చెప్తాను.

* * *

"కేకులమ్మాయ్! మీరు ఎడమ పక్క! ఆఁ, ఆ బల్ల మీదే. ఒక్కరే కూర్చోండి. కదలకండి!"

రోజూ పొద్దున్నే రేవంతా వినబడేలా పడవాయన పెట్టే కేక ఇది. ఈ కేక వినగానే కేకులమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇళ్ళన్నీ ఏటికి ఇవతల, బజారు అవతల. ఆమె పని బజారులోని బేకరీలో. కేకుల మీద క్రీముతో పువ్వులు వెయ్యాలి, పేర్లు రాయాలి. పువ్వు వేసిన ప్రతిసారీ క్రీము కుదిరిందో లేదో వేలి కొసతో రుచి చూడాలి. ఇరవై ఏళ్ళప్పుడు ఆ క్రీము ఎటు పోయేదో తెలిసేది కాదు. ముప్ఫై దాటాక ప్రతి చుక్కా నడుము దగ్గరికొచ్చి కాపురం పెట్టింది. ఇప్పుడామెకు ముప్ఫై అయిదు.

ఇంట్లో బీరువాలో ఒక గులాబీ రంగు గౌను ఉంది. ఏడాదికోసారి దాన్ని తీసి వేసుకుని చూడటం, జిప్పు సగంలో మొరాయించడం, ఆమె ఏడుపు మొహంతో బయటికి రావడం మామూలే.

"ఊపిరి బిగబట్టు," అనేది వదిన వెనక నుంచి జిప్పు లాగుతూ.

"బిగబట్టాను వదినా!"

"ఇంకా బిగబట్టు."

"ఇంకా బిగబడితే నన్ను మోసుకెళ్ళాలి. మొయ్యడానికి ఎంతమంది కావాలో అది కూడా నువ్వే చెప్పు!"

అదీ వరస. కనబడిన ప్రతివాళ్ళూ "కాస్త ఒళ్ళు చేశావే!" అనేవాళ్ళే. తనకు తెలియదనుకుంటారో ఏమో! గాలి పీల్చినా లావెక్కే ఒళ్ళాయె. దానికి తోడు పొద్దున్నే ఈ పడవాయన కేక, పుండు మీద కారం.

పడవ చిన్నది. ముందు బల్ల మీద మాస్టారు, పోస్టాయన కూర్చుంటారు. ఇద్దరూ గాలొస్తే కొట్టుకుపోయే మనుషులు. మధ్యలో గంపల పెద్దమ్మ, కూరగాయల గంపలు. వెనక కుడి పక్క ఇంజను పిడి పట్టుకుని పడవాయన. ఎడమ పక్క బల్ల మీద ఒక్కతే మన కేకులమ్మాయి. ఒక సోమవారం పోస్టాయన ఆవులిస్తూ నోరు జారాడు.

"శనివారం మీరు రాలేదేంటమ్మాయ్? మీ చోట్లో నేనూ మాస్టారూ ఇద్దరం కూర్చోవాల్సొచ్చింది. ఇరుకై చచ్చాం."

కేకులమ్మాయి మెల్లగా పడవాయన వైపు తిరిగింది.

"ఇద్దరినా? నా చోట్లో ఇద్దరు మగాళ్ళని కూర్చోబెట్టారా?"

పడవాయన గతుక్కుమన్నాడు. మంచి పొడగరి, భారీ మనిషి. మాటలు మాత్రం పొదుపు. ఆ పొదుపులో ఉన్నవి కూడా తప్పు మాటలే.

"అంటే... ఉత్త ఇద్దరూ కాదండీ. పోస్టాయన సంచీ కూడా పెట్టాను."

ముందు బల్ల మీద మాస్టారు దగ్గుతున్నట్టు నటిస్తూ నవ్వాడు. గంపల పెద్దమ్మ మాత్రం దాచుకోకుండా పకపకా నవ్వింది.

"బాగుంది! సంచీతో సహా నేను!" కేకులమ్మాయి కళ్ళు ఎర్రబడ్డాయి. "చూస్తూండండి. ఏదో ఒక రోజు మీరే నన్ను పిలిచి మాస్టారి పక్కన ముందు బల్ల మీద కూర్చోబెడతారు."

"వద్దండీ!" అన్నాడు పడవాయన కంగారుగా.

"ఎందుకొద్దు?"

అతను ఇంజను మీదికి వంగిపోయాడు. చెవులు మాత్రం టమాటా పండ్లలా ఎర్రబడ్డాయి. ఆ ఎరుపును గంపల పెద్దమ్మ చూసింది గానీ, చూడాల్సినావిడ చూడలేదు.

ఆ రోజు నుంచి కేకులమ్మాయి నోరు కట్టేసుకుంది. పొద్దున టీ నీళ్ళు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి నిట్టూర్పులు. బేకరీలో క్రీము వేలికంటినా తుడిచేసుకుంది తప్ప నాలిక్కి తగలనివ్వలేదు. ఫలితం ఏమైందంటే, పంచదార పొడి డబ్బా పక్కన ఉన్న ఉప్పు డబ్బా చేతికొచ్చింది. ఎవరిదో పుట్టినరోజు కేకు మీద పువ్వులన్నీ ఉప్పుతో పూశాయి.

బేకరీ ఓనరు తల పట్టుకున్నాడు. "రుచి చూడవా తల్లీ?"

"చూడను. లావెక్కుతాను."

"మరి నా బేకరీ చిక్కిపోతే ఎవరు చూస్తారు?"

పడవలో కూడా ఏవో మార్పులు కనబడ్డాయి. ఎడమ పక్క బల్లకి ఒక రోజు కొత్త చెక్క పడింది. నున్నగా చిత్రిక పట్టి ఉంది. వాన కురిసిన పొద్దున మిగతా బల్లలన్నీ తడిగా ఉంటే, ఆ ఒక్క దాని మీద పొడి గుడ్డ పరిచి ఉండేది.

"చూశావా వదినా, బల్ల విరుగుతుందని చెక్క మార్చాడు!" అని ఇంటికెళ్ళి పళ్ళు నూరింది. పడవాయన కళ్ళు తన వైపు తిరిగినప్పుడల్లా, తనని చూపులతోనే తూకం వేస్తున్నాడనుకుంది. ఆ చూపులో ఇంకేదైనా ఉందేమో అన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చింది. అద్దంలో చూసుకుని ఆ ఆలోచనకి చెంపదెబ్బ కొట్టింది.

అలా వారాలు గడిచాయి. ఒక పొద్దున గాలి కాస్త ఎక్కువగా ఉంది. పడవాయన ఎప్పటిలాగే కేక పెట్టాడు, ఆమె ఎప్పటిలాగే విసవిసా వచ్చి ఎడమ పక్క కూర్చుంది. ఏటి మధ్యకి వచ్చేసరికి పక్క నుంచి ఒక అల వచ్చి కొట్టింది. పడవ కుడి పక్కకి ఒరిగింది, ఒరిగింది, ఇంకా ఒరిగింది. మాస్టారు పోస్టాయన్ని, పోస్టాయన సంచీని వాటేసుకున్నారు. గంపల పెద్దమ్మ గంప ఒకటి జారి నీళ్ళలో పడింది. ఏరంతా ఎర్రెర్రని టమాటాలు.

"నా టమాటాలు! ఒరే అబ్బాయ్, నా టమాటాలు!"

పడవాయన ఇంజను ఆపి, ఎగిరి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. పడవ కుదుటపడింది. అతను టమాటాల వైపు చూడలేదు. తిన్నగా కేకులమ్మాయి వైపు చూశాడు.

"మీరు తగ్గిపోయారు!"

జీవితంలో ఆ మాట ఎవరైనా అంటే వినాలని ఎంత ఎదురుచూసిందో! తీరా అన్నవాడు దొంగతనం బయటపడ్డట్టు అంటున్నాడు.

"తగ్గాను. అయితే?"

"తగ్గేముందు నాకొక మాట చెప్పక్కర్లేదా? మీరుంటారన్న నమ్మకంతో కదా నేను పడవ తీసేది!"

"ఏమిటీ? నా నడుము గురించి మీకు చెప్పి తగ్గాలా? రోజూ నలుగురిలో 'ఎడమ పక్క, ఒక్కరే, కదలకండి' అని మీరు అరుస్తుంటే నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏ పడవలోనైనా అందరూ మనుషుల్లా కూర్చుంటారు. నేనొక్కదాన్నే బస్తాలా కూర్చుంటాను. ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి, కేకుల్లో ఉప్పు వేస్తున్నాను, అంతా మీ కేక మూలంగానే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అంత బరువా నేను?"

ఒక టమాటా వచ్చి పడవకి తగిలి వెళ్ళిపోయింది.

అప్పుడు గంపల పెద్దమ్మ అడిగింది. "అది కాదురా అబ్బాయ్. ఎడమ పక్క ఈ పిల్లయినా ఉండాలి, లేకపోతే ఇద్దరు మగాళ్ళయినా ఉండాలి అంటావు. మరి కుడి పక్క ఉండేదెవరు?"

మాస్టారు కుడి పక్కకి చూశాడు. పోస్టాయన చూశాడు. కేకులమ్మాయి కళ్ళు తుడుచుకుని చూసింది. అక్కడ ఒక ఇంజను పిడి, ఒక ఖాళీ బల్ల. ఆ బల్ల మీద కూర్చునే మనిషి పడవ మధ్యలో నిలబడి తలొంచుకుని ఉన్నాడు. చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర ఊపిరి బిగబట్టి ఉన్నాయి.

"నేనే," అన్నాడు పడవాయన నేలచూపులు చూస్తూ. "నాన్న నడిపినప్పుడు ఏ పక్క ఎవరు కూర్చున్నా సరిపోయేది. ఆయన బక్క మనిషి. నేను పడవ తీసుకున్నాక ఏటేటా ఒళ్ళొచ్చేసింది. పడవ నా వైపు ఒరుగుతుంటే ఎడమ పక్క ఒక రాయి పెట్టాను. మరుసటేడు ఇంకో పెద్ద రాయి. నేను పెరిగాను, రాయీ పెరిగింది. మీరెక్కిన మొదటి రోజు మీరు ఆ పక్క కూర్చోగానే పడవ తిన్నగా నిలబడింది. ఆ రోజే రాయి తీసి గట్టు మీద పడేశాను."

"అంటే నేను రాయి బదులా?"

"అయ్యో, కాదండీ! రాయి కంటే మీరు చాలా నయం!"

మాస్టారు నుదురు కొట్టుకున్నాడు.

"'నేను లావు, అందుకని మీరు ఇటు కూర్చోండి' అని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"సిగ్గేసింది."

"మీకు సిగ్గేస్తే నన్ను అరుస్తారా?" అని ఆమె మొహం తిప్పేసుకుంది. అవతలి గట్టు వచ్చేదాకా మళ్ళీ తిప్పలేదు.

మరునాటి నుంచి కేకులమ్మాయి వంతెన మీదుగా బస్సులో వెళ్ళింది. బస్సులో సీటు దొరికేది కాదు. దొరికితే పక్కాయన జరిగి జరిగి కిటికీకి అతుక్కుని, అదేదో త్యాగం చేసినట్టు చూసేవాడు. బేకరీకి ఆలస్యంగా చేరేది. చేరాక మాత్రం క్రీము రుచి చూడటం మొదలుపెట్టింది. ఎవరి మీదా అలిగి నోరు కట్టుకోకూడదని గట్టిగా అనుకుంది.

ఒక సాయంత్రం వంతెన మీద బస్సు ఆగింది. కింద పడవ వెళుతోంది. కుడి పక్క పడవాయన. ఎడమ పక్క, తన చోట్లో, కొత్త చెక్క మీద, ఒక పెద్ద నల్లరాయి దర్జాగా కూర్చుని ఉంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మొదట అర్థం కాలేదు. కాసేపటికి అర్థమై ఇంకా మండింది. రాయి మీద!

తెల్లవారి సన్నటి వాన. గొడుగు వేసుకుని రేవు మెట్లు దిగింది. ఆమెను చూడగానే పడవాయన లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. గొంతు సవరించుకుని, రేవంతా వినబడేలా, ఎప్పటి కేకే పెట్టాడు. మాటలు మాత్రం వేరు.

"అయ్యా! అమ్మా! అందరూ వినండి! నేను లావుగా ఉన్నాను! ఏటేటా ఇంకా లావెక్కుతున్నాను! నా మూలంగానే ఈ పడవ ఒరుగుతోంది! కేకులమ్మాయి గారిది ఏ తప్పూ లేదు!"

మెట్ల మీద బట్టలు ఉతుకుతున్నవాళ్ళు చేతులాపి చూశారు.

"తెలుస్తూనే ఉందిగా బాబూ, అరవాలా?" అన్నారెవరో.

కేకులమ్మాయికి నవ్వాగలేదు. కోపం ఆపుకోవడం కంటే నవ్వు ఆపుకోవడమే కష్టమైంది.

"ముందా రాయిని దించండి," అంది.

"ఎందుకండీ?"

"అది నా చోటు కాబట్టి! అన్నీ విప్పి చెప్పాలా మీకు?"

పడవాయన రాయిని రెండు చేతులా ఎత్తి ఏట్లోకి విసిరేశాడు. నీళ్ళు ఇంతెత్తున లేచి మాస్టారు, పోస్టాయన ఉత్తరాల సంచీతో సహా తడిసిపోయారు. ఆ బల్ల తుడిచి అతను పొడి గుడ్డ పరిస్తే ఆమె కూర్చుంది.

"ఇక నుంచి నేను తగ్గినా పెరిగినా అడక్కూడదు," అంది.

"అడగనండీ. మీరెంతుంటే నేను అంతకి సర్దుకుంటాను," అన్నాడు పడవాయన. అతని జన్మకి నోట్లోంచి వచ్చిన మొదటి ఒప్పు మాట అదే. అన్నాక అతనే ఆశ్చర్యపోయాడు.

ఆ వారంలోనే కేకులమ్మాయి వాళ్ళమ్మ పడవ ఎక్కింది. ఆవిడ కూడా కూతురికి తగ్గ మనిషే. పడవాయన ఎక్కడ కూర్చోమనాలో తెలియక నీళ్ళు నమిలాడు.

"చెప్పు నాయనా, అరవకుండా చెప్పు," అని ఆవిడ నేరుగా వెళ్ళి కూతురి పక్కనే కూర్చుంది.

పడవ ఎడమ పక్కకి ఒరిగింది. ఆవిడ ఒక చేత్తో బల్ల పట్టుకుని, పడవాయన్ని పైనుంచి కిందికి చూసి, నిదానంగా అంది.

"నువ్వింకాస్త ఒళ్ళు చెయ్యాలి అల్లుడూ. ఇలా బక్కచిక్కి ఉంటే మా పిల్లతో ఎలా సరితూగుతావు?"

* * *

పెళ్ళి కేకు మీద పువ్వులు ఆ పిల్ల తనే వేసుకుంది, ప్రతి పువ్వూ రుచి చూసి మరీ. గులాబీ గౌను జిప్పు మాత్రం ఈనాటికీ పట్టలేదు. ఏడాదికోసారి తీస్తుంది, తిడుతుంది, లోపల పెట్టేస్తుంది. తిట్టడం మాత్రం మానలేదు, మానమని నేనూ చెప్పలేదు.

ఆ రోజు ఏట్లో పడ్డ టమాటాలు నావే. వాటికి బదులుగా ఏం కావాలని ఆ పిల్ల అడిగితే, మా ఆయన పోయాక నాకు ఒక్క ముక్క చదివిపెట్టే దిక్కు లేదు, అక్షరాలు నేర్పమన్నాను. బేకరీ రేకు పళ్ళెం మీద క్రీముతో దిద్దించింది. తప్పు రాస్తే వేలితో తీసి తినెయ్యమనేది. ఒప్పు రాసినా తినెయ్యమనేది. అందుకే నా అక్షరాలు ఇలా బొద్దుగా వస్తాయి. నేనూ ఆ మధ్య కాస్త ఒళ్ళు చేశాను.

ఇట్లు,
గంపల పెద్దమ్మ.
వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో మా అమ్మకే తెలియాలి.
ఉండేది రేవు మెట్ల పక్కన, నీలం తలుపు ఇంట్లో, కింది గదిలో. పై గదిలో వాళ్ళిద్దరూ. నడిస్తే చప్పుడు తెలుస్తుంది.