దెయ్యం మూతికి కుట్టిన సంచి

ఆ మట్టికట్టకి ఊళ్ళో మంచిపేరు లేదు. చీకటి పడ్డాక అటు కుక్క కూడా పోదట!

నిజానికి దాన్ని మంచికే పోశారు. ఇళ్ళ వెనక వాగు ప్రతి వానకీ నేలని కోసుకుంటూ దర్జీ ఇంటి గోడ దాకా వచ్చేసింది. అందుకని అడ్డంగా చిన్న కట్ట వేసి, గట్టు పక్కనే నీళ్ళలో ఓ లావుపాటి గొట్టం నిలబెట్టారు. ఎక్కువైన నీళ్ళు అందులో పడి, కట్ట కిందనించి నెమ్మదిగా దిగువకి పోతాయి. కోత ఆగింది. కానీ... వానొస్తే చాలు, అక్కణ్ణించి ఒకటే మూలుగు.

"ఊఁ... ఊఁ... గుడగుడ..."

దాహం తీరని దెయ్యమన్నారు వీధివాళ్ళు. "గొట్టంలో గాలండీ బాబూ!" అని దర్జీ పగలంతా నవ్వేవాడు. రాత్రయితే ముసుగుతన్ని పడుకునేవాడు.

ఇంతలో చుట్టపుచూపుగా అత్తగారొచ్చింది. ఆ మూలుగుకి కంటిమీద కునుకు లేదావిడకి. పొద్దున్నే చేతులు చాచి చూపించింది.

"అల్లుడుగారూ, ఇంత మూతితో ఓ సంచి కుట్టిపెట్టండి. తెల్లటి మందపు గుడ్డ. బొందు గట్టిగా ఉండాలి."

అత్తగారిని ఎందుకని అడిగేంత మొనగాడు కాడు. రెండు వరసలు కుట్టేసి, "చుక్క నీరు కారితే ఒట్టు!" అని మురిసిపోయాడు.

సాయంత్రం కుంభవృష్టి. చీకటి పడింది... మూలుగు లేదు.

"హమ్మయ్య, పీడ విరగడైంది!" అన్నాడు మిషను తొక్కుతూ.

భార్య కిటికీ దగ్గర చెవి ఒగ్గి నిలబడింది. "ఏవండీ... మూలుగు ఆగింది సరే. వాన ఆగలేదుగా? ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నట్టు?"

దర్జీ మిషను ఆపేశాడు. కట్ట తెగితే ముందు పోయేది తమ గోడే. కత్తెర నడుముకి దోపుకుని, టార్చి పట్టుకుని పరిగెత్తాడు.

నీళ్ళు గట్టు అంచుకి జానెడు కిందే ఉన్నాయి. టార్చి వేశాడు. నీళ్ళమీద... తెల్లటి తల! కళ్ళు లేవు... ముక్కు లేదు... ఉబ్బుతోంది... తగ్గుతోంది...

"అమ్మోయ్!" వెనక్కి తిరిగాడు. ఎదురుగా తన ఇంటి గోడ. గోడ వెనక పెళ్ళాం, పిల్లలు.

ఏడుస్తూనే నీళ్ళలోకి దిగాడు. టార్చి దగ్గరగా పెట్టాడు. రెండు వరసల కుట్టు!

"ఓరి దేవుడా... ఇది నా కుట్టే!"

ముడి విప్పబోతే ఊడి చస్తేగా! తన పనితనాన్ని తానే తిట్టుకుంటూ కత్తెరతో పర్రున చీల్చాడు. గుడగుడమంటూ గొట్టం నీళ్ళు మింగసాగింది. ఆ మూలుగు వింటే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"మూలుగు తల్లీ, కడుపారా మూలుగు!" అని దణ్ణం పెట్టాడు.

ఇంటికొచ్చి చినిగిన సంచి అత్తగారి ముందు పడేశాడు. "ఏంటత్తయ్యా ఇది! దెయ్యం నోరు కట్టబోయి మా కొంప ముంచేవారు కదా!"

ఆవిడ సంచి వంక చూసి బిక్కచచ్చిపోయింది.

"కడదామనే వెళ్ళాను నాయనా, అబద్ధమెందుకు? కానీ గట్టెక్కగానే కాళ్ళు వణికి... సంచి అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చేశా."

భార్య సంచి ఎత్తి, బొందుకి ఇంకా బిగిసే ఉన్న ముడి చూసింది.

"మరి... ముడేసిందెవరు?" అంది గుసగుసగా.

గోడ వెనకనించి, తాపీగా —

"గుడగుడ..."