ఊతం లేని రాధామనోహరం

మెట్టుగూడ రైల్వే క్వార్టర్‌కి నేను జకర్యాకు రెండో పెళ్లాంగా వచ్చాను. మొదటి భార్య డోరా పోయి అప్పటికి రెండేళ్లు. ఆమె కన్న పిల్ల ఎమిలీ. ఆ పిల్ల నన్ను మొదటిసారి మమ్మీ అన్న రోజు వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ పిల్ల జోలికొస్తే ఎవరినైనా సరే వదలను. నా నోటి సంగతి మారేడ్‌పల్లిలో మా పుట్టింటివాళ్లని అడగండి, చెప్తారు.

జకర్యాకి రాధామనోహరం తీగంటే పిచ్చి. డోరా సమాధి మీద అదే నాటాడు. సమాధుల పండుగకి అందరూ సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ఇళ్లకి పోతే, ఈయన మాత్రం ఆ తీగ కొమ్మనొకదాన్ని వంచి, కుండీలో ఆ సమాధి మట్టే పోసి, అందులో పాతి, పైన రాయి పెట్టి వచ్చాడు. వేళ్లు పట్టాక కొమ్మను తల్లితీగ నుంచి కోసి ఇంటికి తెచ్చాడు. తెచ్చినవాడు గోడ పక్కన నాటాడా? లేదు. పిల్ల పడుకునే కిటికీ ఎదురుగా, వాకిట్లో నట్టనడుమ నాటాడు.

"ఆడ దేనికి పాకుతదయ్యా? పందిరన్న వెయ్యి," అన్నాను.

"ఆడనే ఉండాలె సలోమీ. నువ్వు జెర దాన్ని ముట్టకు."

వానలు షురూ అయ్యాయి. తీగ ఏపుగా పెరిగి, ముదిరి, కట్టెలా గట్టిపడింది. నేను పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దుగూకే వేళ ఆరేసిన బట్టలు తీస్తూ చూశాను... కర్ర లేదు. తాడు లేదు. తీగ మాత్రం మెలికలు తిరిగి నా అంత ఎత్తున నిలబడి ఉంది. దేన్నో గట్టిగా చుట్టుకున్నట్టే ఉంది, లోపల ఏమీ లేదు. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలింది. కింద చుట్లు సన్నం. పైకి పోయేకొద్దీ వెడల్పు. మనిషికి మెడ ఉండేచోట మళ్లీ సన్నం. రెండు కొమ్మలు కిటికీ వైపు చాచి ఉన్నాయి.

ఓరి దేవుడా అనుకుంటూ ఇంట్లోకి ఉరికాను.

ఎమిలీకి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది. జకర్యా ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. అంతలో కరెంటు పోయింది. వాన ఎక్కువైంది. తడిమట్టి వాసన, దాని మీద ఆ పూల వాసన, ఊపిరాడనంతగా గదంతా నిండింది. కిటికీ దగ్గర సర్... సర్... అని రాపిడి. మెరుపులో చూశాను. ఆ రెండు కొమ్మలూ ఊచల్లోంచి లోపలికొచ్చాయి. పిల్ల మీదికి...

భయం కంటే ముందు నాకు కోపమొచ్చింది. కత్తి తీసుకుని వానలోకి పోయి, మొదలు పట్టుకుని నరికాను. నరుకుతూనే ఉన్నాను. తీగ ఒక్కసారిగా కూలింది. చుట్లన్నీ విడిపోయాయి.

వెనక సైకిలు పడిన చప్పుడు. జకర్యా.

"ఏం చేసినవ్..." కూలిన తీగ దగ్గరికి ఉరికొచ్చాడు.

"పిల్ల మీదికొస్తుంటే ఊకుంటనా?"

"డోరా రోజూ ఆడికొచ్చి నిలబడుతుండె. పిల్లనే చూస్తుండె. ఆ తీగ దేన్ని చుట్టుకుంటే దాన్ని ఇడువది సలోమీ. అందుకే తెచ్చిన... ఇన్ని దినాలు ఆమెను అదే పట్టుకొని ఉండె."

కత్తి అక్కడే పారేశాను. ఇద్దరం లోపలికి పరుగెత్తాం. గడప దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి.

మెరిసింది. ఎమిలీ కళ్లు మూసుకునే ఉంది. నిద్రలోనే గోడ వైపు కొంచెం జరిగి, పక్కన చోటిచ్చింది.

"పండుకో," అంది మెల్లగా. నాతో కాదు. ముఖం కిటికీ వైపుంది.

ఆ చోట, మంచం నవారు నెమ్మదిగా కిందికి కుంగింది.